ర ఉన్న నెలలు

మా అమ్మ లెక్క చాలా సులువు.
నెల పేరులో ర వినిపిస్తే చెంచా.
సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు,
జనవరి, ఫిబ్రవరి.
మార్చిలో సగం విరిగినా,
ఏప్రిల్లో ప కింద వత్తై నక్కినా
ర రే.
మే వస్తే సీసా మూత బిగించి
గిన్నెల వెనక్కి నెట్టేది.
రవి పోతూ పోతూ తన మొదటి అక్షరాన్ని
నెలల దగ్గర తాకట్టు పెట్టి పోయాడు కాబోలు.

అయిదుగురు పిల్లలం వరసగా నిలబడేవాళ్ళం,
చెంచా ఒక్కటే.
ముక్కు మూసుకుంటే వాసన రాదు,
వదిలాక వస్తుంది, రెట్టింపు.
స్వెటర్ మీద ఒలికిందా,
ఆ స్వెటర్ ఇక జన్మంతా చేప.

ఇక్కడ, బోట్స్‌ఫ్యూర్‌లో,
నవంబరు చివర కొండ దిగిన సూర్యుడు
జనవరిలో గాని తిరిగి తల ఎత్తడు.
చీకటంటే కాటుక కాదు.
మిట్టమధ్యాహ్నం
నీలిమందు కలిపిన నీళ్ళలాంటి వెలుతురు
కాసేపు గోడల మీద ఆరేస్తారు,
ఆరకముందే తీసేస్తారు.

పదిహేడో ఏట చేపల ఫ్యాక్టరీలో చేరాను.
నలభై మూడేళ్ళు.
కత్తి మొన పొట్ట కింద, ఒక్క లాగు,
కాలేయం జారి తొట్టిలోకి,
వెన్న రంగులో.
ఎన్ని టన్నులో ఎవరూ లెక్క కట్టలేదు.
ఎక్కడో ఏ నీళ్ళ మీదో కాసిన ఎండ
నాచులోంచి చిన్న చేపల్లోకి,
చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి వచ్చి
నా గ్లవుజుల్లోంచి జారిపోయింది.

మొన్న అక్టోబరులో మోకాళ్ళు, నడుము, మెట్లు.
డాక్టరమ్మ సున్నివా రక్తం తీయించి,
కంప్యూటర్ చూసి, "పందొమ్మిది" అంది.
యాభై ఉండాలట.
"ఓడ్‌బ్యోర్గ్, మీరు చేపనూనె తాగరా?"
హోంవర్కు చెయ్యని పిల్లలా తలొంచుకున్నాను.

తాగేదాన్ని.
ఐలిఫ్ పోసేవాడు.
కాఫీకి ముందు, నిలబడే,
మొదట తనకి, అదే చెంచాతో నాకు,
ఆపైన మొహం చిట్లించడంలో పోటీ.
ఎప్పుడూ అతనే గెలిచేవాడు.
పోయిన ఏడు ఫిబ్రవరిలో పోయాడు.
సీసాలో సగం మిగిలింది.
దుఃఖంతో మానేశాననుకునేరు, కాదు.
నా నోటికి నేనే చెంచా అందించుకుని
ఎవరూ చూడని వంటింట్లో
మొహం ఎవరికోసం చిట్లించను?

మాత్రలు రాసిచ్చింది.
పసుపుపచ్చగా, చిన్న చేప కన్నంత.
వాసన లేదు, గొంతు దిగినట్టే తెలీదు.
అందుకే నాకు నమ్మకం కుదరలేదు.

కింది వాటాలో మెహారి ఉంటాడు,
ఎరిత్రియా కుర్రాడు,
ఒకప్పుడు నేను నిలబడిన బల్ల దగ్గరే
ఇప్పుడతను నిలబడతాడు.
ఓ సాయంత్రం చీటీ పట్టుకుని పైకొచ్చాడు:
"ఇదేమిటి, చదివి చెప్తారా?
నా ఒంటికి ఇక్కడి ఎండ చాలదంది డాక్టరమ్మ."
చాలదు నాయనా, ఎవరికీ చాలదు.
మర్నాడే కొత్త సీసా కొన్నాను.
చెంచాలు రెండు తీశాను.
మింగాడు.
కళ్ళు, కనుబొమలు, చెవులు,
మొహంలో ఉన్నవన్నీ ముక్కు దగ్గరికి పరిగెత్తాయి.
ఐలిఫ్, నువ్వు ఓడిపోయావు.
ఎన్నాళ్ళకో కుర్చీ పట్టుకుని నవ్వాను.

అప్పట్నుంచి పొద్దున ఆరున్నరకి తలుపు చప్పుడు.
నెలల పేర్లు అలాగే నేర్చుకున్నాడు.
"ఏప్రిల్లో ఉందా?"
"నక్కి ఉంది, వెతుకు."

మే మొదటి తేదీ.
కిటికీ నిండా ఎండ, అడగకుండానే.
మూత బిగిస్తుంటే అడుగున ఇంకా
ఇద్దరికి సరిపడా కనిపించింది.
అతనూ చూశాడు.
మెల్లగా, చాలా శ్రద్ధగా,
"మే..." అని పలుకుతూ
చివర నాలుకని
కాస్త వణికించాడు.